పారిపోయిన ఏలికను దాచిపెడితే పాపంలో వాటా ఉన్నట్టే

ఊళ్లో గొర్రె పోతే దొంగ కోసం పక్క ఊరిదాకా వెతుక్కుంటూ పోతాం. దొరికితే ఆ ఊరి పెద్దమనుషులే పట్టి అప్పజెప్తారు. "మా ఊళ్లో కాలు పెట్టాడు, ఇక మావాడు" అని ఏ ఊరూ అనదు. అన్నదంటే ఆ ఊరిని ఇంకెవరూ నమ్మరు. మరి వేలమందిని చంపించాడని నేరం మీదున్న దేశాధినేత గద్దె దిగి పక్క దేశానికి పారిపోతే ఏమవుతుంది? బంగళా ఇస్తారు. గేటు దగ్గర పోలీసుల్ని పెడతారు. ఆ పోలీసులు అతన్ని పట్టుకోవడానికి కాదు, కాపాడటానికి!

ఉగాండాను ఎనిమిదేళ్లు నెత్తుట్లో ముంచిన ఇదీ అమీన్ 1979లో పారిపోయాడు. సౌదీ అరేబియా చోటిచ్చింది. 2003లో అక్కడే ఆసుపత్రిలో చచ్చిపోయాడు. ఒక్కరోజు కోర్టు మెట్లెక్కలేదు. ఇథియోపియాను ఏలిన మెంగిస్టు 1991లో జింబాబ్వేకు పారిపోయాడు. జాతి నిర్మూలన నేరం రుజువైందని 2006లో ఇథియోపియా కోర్టు తీర్పు చెప్పింది. ముగాబే అప్పగించలేదు. ముగాబే దిగిపోయాక వచ్చినవాళ్లూ అప్పగించలేదు.

ఇప్పుడు ఈ ప్రశ్న మన గడప దగ్గరికే వచ్చింది. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా జనం తిరుగుబాటుతో గద్దె వదిలి మన దేశానికి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో ఆమెను అప్పగించమని బంగ్లాదేశ్ అడిగింది. 2025 నవంబరు 17న ఢాకాలోని ట్రిబ్యునల్ ఆమె ఎదురుగా లేకుండానే విచారణ ముగించి మరణశిక్ష వేసింది. అడిగింది పరిశీలిస్తున్నాం అని మన ప్రభుత్వం జవాబు చెప్పింది. అప్పగించాలా, వద్దా? టీ కొట్టు కాడ కూడా ఈ మాట నడిచింది. ఒకరు "మన స్నేహితురాలు, ఎట్లా ఇస్తాం" అంటారు. ఇంకొకరు "మనకెందుకీ గోల, పంపించేస్తే పోలా" అంటారు. ఈ రెండు మాటల్లోనూ చచ్చినవాళ్ల ఊసు లేదు.

నా మాట ముందే చెప్తాను. నేరం మీదున్న మాజీ పాలకుల్ని దాచిపెట్టే హక్కు ఏ దేశానికీ లేదు. అడిగినవాళ్లకు అప్పగించాలి. లేదంటే తన గడ్డ మీదే కోర్టులో నిలబెట్టాలి. మూడో దారి లేదు. కాని కళ్లు మూసుకుని అప్పగించడం కూడా న్యాయం కాదు. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆఫ్రికాలో చాద్ అనే బీద దేశంలో జైళ్ల నుంచి బతికి బయటపడ్డ మామూలు మనుషులు ఇరవై అయిదేళ్లు కొట్లాడి ప్రపంచానికి నేర్పిన పాఠం.

చాద్ జనం పట్టిన పట్టు

హిస్సేన్ హబ్రే 1982లో ఆయుధాలతో చాద్ రాజధాని ఎన్జమేనాను పట్టుకుని గద్దెనెక్కాడు. పక్కనున్న లిబియా గడాఫీకి ఎదురు నిలబడతాడని అమెరికా, ఫ్రాన్స్ అతనికి డబ్బులిచ్చాయి, తుపాకులిచ్చాయి. ఆ అండతో అతను ఒక రహస్య పోలీసు దళాన్ని పెట్టుకున్నాడు. దానిపేరు డీడీఎస్. అది నేరుగా అతనికే లెక్క చెప్పేది. వాళ్ల జైళ్లలో ఒకటి మునుపు ఫ్రెంచి దొరల కుటుంబాలు ఈత కొట్టిన కొలను. దానిమీద కాంక్రీటు కప్పు వేసి, లోపల గదులు కట్టి మనుషుల్ని కుక్కారు. ఒకప్పుడు తెల్లదొరల సరదా, తర్వాత నల్లదొర చెర. చచ్చినవాళ్ల శవాల పక్కనే బతికున్నవాళ్లు పడుకున్నారు.

1990 డిసెంబరు 1న హబ్రే సేనానుల్లో ఒకడైన ఇద్రిస్ దేబీ అతన్ని తరిమేశాడు. హబ్రే సెనెగల్ రాజధాని డాకార్ చేరాడు. పోతూపోతూ ఖజానా ఊడ్చుకుపోయాడు. ఆ డబ్బుతో ఇళ్లు కొన్నాడు, పలుకుబడి కొన్నాడు, ఇరవై రెండేళ్లు దర్జాగా బతికాడు. 1992లో చాద్ విచారణ కమిషన్ అతని ఎనిమిదేళ్ల ఏలుబడిలో 40,000 మంది చనిపోయి ఉంటారని లెక్క వేసింది. కమిషన్ రిపోర్టు అటక ఎక్కింది. ఎక్కక ఏమవుతుంది? హబ్రే కింద పనిచేసిన డీడీఎస్ అధికారులు కొత్త ప్రభుత్వంలోనూ కొలువుల్లోనే ఉన్నారు.

కాని సులేమాన్ గెంగెంగ్ అనే మనిషి ఊరుకోలేదు. ఆయన నాయకుడు కాదు, లాయరు కాదు. ఒక ఆఫీసులో లెక్కలు రాసుకునే చిరుద్యోగి. 1988లో పట్టుకెళ్లి రెండేళ్లకు పైగా జైళ్లలో వేశారు. పక్కవాళ్లు ఒక్కొక్కరే చచ్చిపోతుంటే, బతికి బయటపడితే న్యాయం కోసం కొట్లాడతానని మొక్కుకున్నాడు. హబ్రే పారిపోగానే జైలు తలుపులు తెరుచుకున్నాయి. బయటికొచ్చి సంఘం పెట్టాడు. బాధితుల దగ్గరికి పోయి ఒక్కొక్కరి చేత చెప్పించి రాశారు. ఎవర్ని, ఎక్కడ, ఎప్పుడు పట్టుకెళ్లారు, ఏం చేశారు, పక్కన ఎవరు చచ్చిపోయారు. అట్లా 792 వాంగ్మూలాలు పోగేశారు. బెదిరింపులు రావడంతో ఆ కాగితాల్ని ఇంట్లో దాచిపెట్టాడు. ఏళ్ల తరబడి వాటిని అడిగే నాథుడు లేడు.

1998 అక్టోబరు 16 రాత్రి లండన్‌లో ఒక ముసలాయన్ని ఆసుపత్రి మంచం మీదే అరెస్టు చేశారు. అతను చిలీ దేశపు మాజీ నియంత పినోచెట్. 1973లో ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యంతో కూలదోసి పదిహేడేళ్లు ఏలినవాడు. 3,000 మందికి పైగా చంపించి, మాయం చేయించిన ప్రభుత్వం అతనిది. స్పెయిన్ న్యాయమూర్తి గార్సోన్ ఇచ్చిన వారెంటు మీద బ్రిటన్ పోలీసులు పట్టుకున్నారు. "దేశాధినేతగా చేసిన పనికి నన్ను ఎవరూ అడగలేరు" అన్నది అతని వాదన. బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం 1999 మార్చిలో ఒప్పుకోలేదు. చిత్రహింసలు పెట్టడం ఏ దేశాధినేత ఉద్యోగమూ కాదు, దానికి పదవి చాటు దొరకదు అని తేల్చింది. కాని చివరికి ఆరోగ్యం బాగా లేదని 2000 మార్చిలో బ్రిటన్ హోంమంత్రి వదిలేశాడు. చక్రాల కుర్చీలో విమానమెక్కినవాడు శాంటియాగోలో దిగగానే లేచి నిలబడి సేనానుల్ని కావలించుకున్నాడు! అయినా ఆ అరెస్టు వృథా పోలేదు. చిలీ కోర్టులకే ధైర్యం వచ్చి అతని రక్షణ తీసేసి కేసులు నడిపాయి. శిక్ష పడకముందే 2006 డిసెంబరు 10న చచ్చిపోయాడు. ఆ రోజు మానవ హక్కుల దినం.

ఈ అరెస్టు వార్త చాద్‌కు చేరింది. చిలీవాళ్లు చేసింది మనమెందుకు చెయ్యలేం అనుకున్నారు. గెంగెంగ్ దాచిన కాగితాలు బయటికొచ్చాయి. 2000 జనవరిలో ఏడుగురు చాద్ బాధితులు డాకార్ పోయి అక్కడి కోర్టులో ఫిర్యాదు చేశారు. ఫిబ్రవరిలో న్యాయమూర్తి హబ్రే మీద నేరం మోపాడు. జూలైకల్లా పై కోర్టు, వేరే దేశంలో జరిగిన నేరం మాకు సంబంధం లేదని కొట్టేసింది. వాళ్లు బెల్జియం కోర్టుకు పోయారు. 2001లో ఎన్జమేనాలో పాత డీడీఎస్ ఆఫీసులో నేలమీద కుప్పలుగా పడి ఉన్న దస్తావేజులు దొరికాయి. అవి ఆ హంతక దళం చేతిరాతే! వాటిలో 12,321 మంది బాధితుల పేర్లున్నాయి. జైల్లోనే చచ్చిన 1,208 మంది పేర్లున్నాయి. నేరుగా హబ్రేకు పంపిన సమాచారాలు 1,265 ఉన్నాయి. నాకు తెలియదు అనడానికి దారి మూసుకుపోయింది. అదే ఏడు ఎన్జమేనాలో బాధితుల తరఫు లాయరు జాక్లిన్ ముదేనా మీద పోలీసులు గ్రెనేడు విసిరారు. కాలికి గాయమైంది. ఆమె కేసు వదల్లేదు.

2005లో బెల్జియం అరెస్టు వారెంటు ఇచ్చి, అప్పగించమని సెనెగల్‌ను అడిగింది. సెనెగల్ అధ్యక్షుడు అబ్దులాయే వాద్ ఆఫ్రికా దేశాల కూటమి మీదికి నెట్టాడు. 2006లో కూటమి, నువ్వే ఆఫ్రికా పేరున విచారించు అని చెప్పింది. వాద్ ఖర్చెవరిస్తారన్నాడు, చట్టం మార్చాలన్నాడు, ఆరేళ్లు సాగదీశాడు. మన తాలూకాఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తంతు కొత్తగా చెప్పక్కర్లేదు. బెల్జియం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పోయింది. 2012 జూలై 20న తీర్పు వచ్చింది. ఆలస్యం చేయకుండా విచారించు, లేదా అప్పగించు అని. చిత్రహింసల మీద ఐక్యరాజ్యసమితి 1984లో చేసిన ఒడంబడికలో ఉన్న మాట అదే. దానిమీద సెనెగల్ సంతకం కూడా ఉంది.

అప్పటికి ఎన్నికల్లో వాద్ ఓడిపోయాడు. కొత్త ప్రభుత్వం ఆఫ్రికా కూటమితో కలిసి డాకార్‌లోనే ప్రత్యేక కోర్టు పెట్టింది. 2013లో హబ్రేను అరెస్టు చేశారు. 2015 జూలైలో విచారణ మొదలైంది. తెల్ల బట్టలు, తలపాగా, నల్ల కళ్లద్దాలతో నోరు విప్పకుండా కూర్చున్నాడు. గెంగెంగ్ ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పాడు. అత్యాచారాలకు గురైన ఆడవాళ్లు అన్నేళ్లు గుండెల్లో దాచుకున్నది కోర్టులో చెప్పారు. 2016 మే 30న యావజ్జీవ శిక్ష పడింది. 2017 ఏప్రిల్‌లో అప్పీలులోనూ నిలబడింది. 2021 ఆగస్టులో హబ్రే ఖైదీగానే కరోనాతో చనిపోయాడు. ఒక ఆఫ్రికా దేశాధినేతను మరో ఆఫ్రికా దేశంలో ఆఫ్రికా న్యాయమూర్తులు విచారించి శిక్షించారు. వాళ్లను అక్కడిదాకా లాక్కొచ్చింది ఒక చిరుద్యోగి దాచిన కాగితాలు.

అడ్డం చెప్పేవాళ్ల మాటలు

"ఒక దేశం సంగతిలో ఇంకో దేశం తలదూర్చొద్దు" అంటారు. ఇంట్లో భార్యను చావబాదేవాడు కూడా ఇదే అంటాడు, నా ఇంటి సంగతి నీకెందుకని. దేశం అంటే పాలకుడి ఇల్లు కాదు. చాద్ జనమే కోర్టుకు పోతే చాద్ గౌరవం ఎట్లా పోతుంది? పెరూ మాజీ అధ్యక్షుడు ఫుజిమోరి 2000లో జపాన్ పోయి అక్కడినుంచి రాజీనామా పంపాడు. మా పౌరుడు అని జపాన్ అప్పగించలేదు. 2005లో చిలీకి పోతే చిలీ పట్టుకుంది. 2007లో అక్కడి సుప్రీంకోర్టు అన్నీ విచారించి పెరూకు అప్పగించింది. 2009లో సొంత దేశపు న్యాయమూర్తులే 25 ఏళ్ల శిక్ష వేశారు. అప్పగించడం వల్ల పెరూ చిన్నదైపోయిందా?

"తెల్లవాళ్ల కోర్టులు నల్లవాళ్లనే పడతాయి" అంటారు. ఈ మాటలో నిజముంది, దాచిపెట్టక్కర్లేదు. బెల్జియంలో ఎవరినైనా విచారించే చట్టం ఉండేది. అమెరికా పెద్దల మీద, ఇజ్రాయెల్ షారోన్ మీద కేసులు పడగానే అమెరికా కళ్లెర్రజేసింది. నాటో ఆఫీసు మీ ఊళ్లో ఉండదని బెదిరించింది. 2003లో బెల్జియం ఆ చట్టాన్నే ఎత్తేసింది. హబ్రేకు తుపాకులిచ్చిన దేశాల పెద్దల్ని బోనెక్కించినవాళ్లు లేరు. అయితే దీనికి మందు ఏంది? బలవంతుడు తప్పించుకున్నాడు కాబట్టి మిగతా హంతకులందర్నీ వదిలేద్దామా? అట్లా అనేది హంతకుల పక్షం. బాధితుడు అనాల్సింది, నా కేసు వదలొద్దు, వాడి కేసూ పట్టండి అని.

మూడో మాట కొంచెం బరువైంది. "జైలు భయం ఉంటే నియంత గద్దె దిగడు. ఇంకా రక్తం పారుతుంది. పోయి ఎక్కడో బతకనిస్తే శాంతి వస్తుంది." 2003లో లైబీరియాలో అట్లాగే చేశారు. ఛార్లెస్ టేలర్‌కు నైజీరియా చోటిస్తానంటే దిగిపోయాడు, యుద్ధం ఆగింది. ఆ పూట అది తప్పని నేను అనను. కాని 2006లో లైబీరియా ఎన్నికైన అధ్యక్షురాలు అడిగితే నైజీరియా అప్పగించింది. పక్క దేశం సియెర్రా లియోన్‌లో చేసిన ఘోరాలకు 2012లో 50 ఏళ్ల శిక్ష పడింది. యుద్ధం మళ్లీ రాలేదు. ప్రాణాలు కాపాడటానికి ఒకపూట ఇచ్చిన చోటు, జన్మంతా ఇచ్చిన పట్టా కాదు.

మన గడప దగ్గర

ఇక హసీనా సంగతి. శరణు అంటే ఏందో ముందు తేల్చుకోవాలి. 1975లో తండ్రిని, కుటుంబాన్ని సైనికులు ఊచకోత కోస్తే, విదేశంలో ఉండి బతికిపోయిన హసీనాకు మన దేశం ఢిల్లీలో ఆరేళ్లు చోటిచ్చింది. అది న్యాయం. వేటాడబడుతున్న మనిషిని ఇంట్లో పెట్టుకోవడం మన జనం ధర్మం. 2024లో వచ్చింది మాత్రం ప్రధాని కుర్చీ దిగి వచ్చిన మనిషి. ఆ జూలై, ఆగస్టుల్లో బంగ్లాదేశ్ వీధుల్లో పోలీసుల కాల్పుల్లో, దాడుల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరిలో చెప్పింది. వాళ్లలో విద్యార్థులున్నారు, చిన్నపిల్లలున్నారు. ఆ తల్లిదండ్రులకు జవాబు కావాలా, వద్దా? స్నేహం అనేది హసీనాతోనా, బంగ్లాదేశ్ జనంతోనా?

అయితే ఇంకో పక్క కూడా చూడాలి. ఆమె లేకుండా జరిగిన విచారణ అది. లాయర్ని ప్రభుత్వమే పెట్టింది. పడ్డ శిక్ష ఉరి. ఆ ట్రిబ్యునల్‌ను 2010లో పెట్టింది హసీనా ప్రభుత్వమే. అప్పుడు దాని తీర్పులతో ఎదుటి పార్టీ నాయకుల్ని ఉరి తీశారు. ఇప్పుడు అదే ఉచ్చు తిరిగి వచ్చింది. తగిన శాస్తి అని చప్పట్లు కొడదామా? వద్దు. ఇక్కడ చాద్ పాఠం గుర్తు చేసుకోవాలి. 2008లో చాద్ కోర్టు కూడా హబ్రేకు అతను లేకుండానే మరణశిక్ష వేసింది. 2011లో వాద్ హఠాత్తుగా, విమానం ఎక్కించి చాద్‌కు పంపిస్తానన్నాడు. వద్దని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల అధిపతి నవీ పిళ్లై ఆపింది. హబ్రేను పట్టుకోవాలని ఏళ్ల తరబడి తిరిగిన హక్కుల సంఘాలే అడ్డం నిలబడ్డాయి. చంపేస్తే నిజం కూడా అతనితోనే పూడుకుపోతుంది. అతను బతికి బోనులో నిలబడితేనే ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎవరు ట్రిగ్గరు నొక్కారు అన్నది బయటికొస్తుంది. మన బాబాసాహెబ్ కూడా 1949లో రాజ్యాంగ సభలో మరణశిక్షను ఎత్తేయడమే మేలని చెప్పినవాడు. శత్రువు మెడ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మరిచిపోతే ఎట్లా?

దారి లేదా అంటే ఉంది. మన ప్రభుత్వానికి అది బాగా తెలుసు. అబూ సలేంను పోర్చుగల్ నుంచి తెచ్చుకోవడానికి, ఉరి వెయ్యం, 25 ఏళ్లకు మించి జైల్లో పెట్టం అని మన ప్రభుత్వం మాట రాసిచ్చింది. 2005లో తెచ్చుకుంది. మనం ఇచ్చిన హామీలాంటిదే మనం అడగొచ్చు. 2013లో రెండు దేశాలూ రాసుకున్న అప్పగింత ఒప్పందంలో రాజకీయ నేరమైతే ఇవ్వనక్కర్లేదని ఉంది. హత్యను రాజకీయ నేరంగా లెక్కపెట్టకూడదని కూడా ఉంది. మంచి మనసుతో, న్యాయం కోసం అడగకపోతే నిరాకరించవచ్చనీ ఉంది. కాబట్టి చట్టం కాళ్లూ చేతులూ కట్టేసిందన్న సాకు చెల్లదు.

అడగడం ఎట్లా ఉంటుందో మనకు తెలియనిది కాదు. భోపాల్ విషవాయువు కేసులో కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ 1984 డిసెంబరులో బెయిలు మీద బయటపడి అమెరికా పోయాడు. అతను ఏ దేశానికీ పాలకుడు కాడు, కాని ఒక దేశం అండ అతనికి ఉంది. 2003లో మన ప్రభుత్వం అడిగితే అమెరికా ఇవ్వలేదు. 2014లో తన దేశంలోనే చనిపోయాడు. భోపాల్ తల్లులు పడ్డ ఆ కడుపుమంట మనకు తెలుసు. ఢాకా తల్లులకు మనమే అమెరికా కావాలా?

అందుకని మన సంఘాలు అడగాల్సింది ఇది.

ఒకటి. పరిశీలిస్తున్నాం అని నానబెట్టొద్దు. ఏ షరతుల మీద అప్పగిస్తారో మన ప్రభుత్వం బహిరంగంగా చెప్పాలి. ఉరి ఉండకూడదు. ఆమె ఎదుటనే, ఆమె పెట్టుకున్న లాయరుతో విచారణ మళ్లీ జరగాలి.

రెండు. ఆ హామీలు ఇస్తే అప్పగించాలి. ఇవ్వకపోతే వేరే కోర్టు చూడాలి. హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో బంగ్లాదేశ్ 2010 నుంచి సభ్యదేశం. ఆ దారి తెరిచే ఉంది.

మూడు. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది. ఆమోదముద్ర మాత్రం వెయ్యలేదు. సెనెగల్‌ను కదిలించింది ఆ ఒడంబడికే. మన పోలీస్ స్టేషన్లలో దెబ్బలు తిన్నవాళ్లకు కూడా అది పనికొస్తుంది. వెంటనే ఆమోదించాలి.

చివరగా సంఘంలో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ కథలన్నిటిలో పెద్ద దేశాలు, పెద్ద కోర్టులు కనిపిస్తాయి. కాని కేసు మొదలైంది కాగితం మీద. ఎవరిమీద ఎప్పుడు దాడి జరిగినా మర్నాడే పోయి తారీఖు, జాగా, పేర్లు, చూసినవాళ్ల మాటలు రాసుకోండి. సంతకమో వేలిముద్రో తీసుకోండి. రెండు కాపీలు తీసి రెండిళ్లలో పెట్టండి. ఈ ప్రభుత్వం చదవకపోవచ్చు, వచ్చే ప్రభుత్వమూ చదవకపోవచ్చు. గెంగెంగ్ కాగితాల్ని కూడా ఏళ్ల తరబడి ఎవరూ చదవలేదు.